మావయ్య సీసాలో నా గోలీలు

నాకు పదేళ్లప్పుడు ఓ వేసవిలో పద్నాలుగు గోలీలు పోయాయి. అన్నీ ఒక్కసారి కాదు. ఇవాళ రెండు, ఎల్లుండి మూడు... అలా. రేపల్లెలో అమ్మమ్మ వాళ్లింటి అరుగు మీద బొగ్గుముక్కతో లెక్క రాసుకునేవాణ్ని. పక్కింటి కుర్రాడి మీద అనుమానం. వాడితో రెండు వారాలు మాట్లాడలేదు కూడా. "పోతే పోయాయిలేరా, తిరనాళ్లలో కొనిస్తా" అంది అమ్మమ్మ. మావయ్య మాత్రం పేపరు చదువుకుంటూ ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు.

దొంగ ఎవరో కిందటేడు తెలిసింది. పాతికేళ్ల తర్వాత!

చీకటి గదిలో ఫోన్‌ నంబరు

మావయ్యకు రేపల్లెలో చిన్న ఫొటో స్టూడియో ఉండేది. మేముండేది బాపట్లలో. సెలవులివ్వడమే ఆలస్యం, బాపట్లలో రైలెక్కి తెనాలిలో దిగి, అక్కడ రేపల్లె ప్యాసింజరు పట్టుకునేవాళ్లం. వేమూరు, భట్టిప్రోలు దాటితే ఇంటికొచ్చేసినట్టే. 2022లో బాపట్ల జిల్లా ఏర్పడ్డాక రేపల్లె అందులోకి వెళ్లింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది గానీ, అప్పుడు మూడూళ్లదీ ఒకే జిల్లా. నా లెక్కలో అయితే మూడూ కలిపి ఒకే ఊరు.

స్టూడియో వెనక ఓ చీకటి గది. కిటికీ అద్దాలకు నల్లరంగు, తలుపు సందుల్లో పాత దుప్పటి ముక్కలు, మూలగా ఓ ఎర్ర బల్బు. అప్పటికే రంగుల ఫొటోలు వచ్చేశాయి. పెళ్లిళ్ల రీళ్లన్నీ కలర్‌ ల్యాబులకు వెళ్లిపోయేవి. దరఖాస్తులకు అంటించే నలుపు తెలుపు ఫొటోలు మాత్రం మావయ్య స్వయంగా కడిగేవాడు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, "కదిలావంటే బయటికే" అని బెదిరించేవాడు. ట్రేలోని తెల్ల కాగితం మీద ఎవరో తెలియని మనిషి కళ్లు, మీసం, చొక్కా గుండీలు ఒక్కొక్కటే తేలుతుంటే కదలడం ఎవరికి గుర్తుంటుంది?

ఆ గది గోడ మీద పెన్సిల్‌తో ఓ నంబరు రాసి ఉండేది. 2-100-5-2. ఎవరిదో ఫోన్‌ నంబరనుకున్నాను. ఓసారి అడిగితే మావయ్య పగలబడి నవ్వాడు. "నంబరేరా. ఎప్పుడు చేసినా పలికే నంబరు" అన్నాడు.

అది డి-76 అనే డెవలపర్‌ కలిపే లెక్క. 1927లో కొడాక్‌ సంస్థ వాళ్లు తయారుచేసింది. ఇప్పటికీ ఫిల్మ్‌ కడిగేవాళ్లు వాడుతూనే ఉన్నారు. లీటరు మందుకు మెటాల్‌ 2 గ్రాములు, సోడియం సల్ఫైటు 100, హైడ్రోక్వినోన్‌ 5, బోరాక్స్‌ 2. అంతే! మెటాల్‌, హైడ్రోక్వినోన్‌ పనివాళ్లు. ఫిల్మ్‌ మీద వెలుతురు తగిలిన చోట వెండి లవణాన్ని నల్లటి వెండిగా మార్చేవి అవే. బోరాక్స్‌ వాటికి ఊపునిస్తుంది. మరి 100 గ్రాముల సల్ఫైటు ఎందుకు? అది కాపలాదారు. గాలిలోని ఆక్సిజన్‌ వచ్చి పనివాళ్ల మీద పడకుండా ముందు తను ఎదురెళ్లి ఖర్చయిపోతుంది.

కలపడంలోనూ ఓ వరస ఉంది. చెయ్యి పెట్టలేనంత కాకుండా, 50 డిగ్రీల వేడి నీళ్లు. ముందు చిటికెడు సల్ఫైటు, తర్వాత మెటాల్‌. అది పూర్తిగా కరిగాకే మిగతా సల్ఫైటు, ఆపైన హైడ్రోక్వినోన్‌, చివర బోరాక్స్‌. సల్ఫైటంతా ముందే వేసేస్తే మెటాల్‌ ఇక కరగనని మొండికేస్తుంది. "మీ అమ్మమ్మ పోపు వేసినట్టేరా, వెనకది ముందు వేస్తే వంట చెడుతుంది" అనేవాడు మావయ్య. మెటాల్‌ కొందరి చర్మానికి పడదు. మావయ్యకూ పడేది కాదు. వేళ్ల కొసలు ఎర్రగా చిట్లిపోయేవి. రాత్రి భోజనాలయ్యాక అమ్మమ్మ ఆ వేళ్లకు వెన్న రాస్తూ, "వెధవ మందులు, వెధవ మందులు" అని తిట్టేది.

నాకు మాత్రం హైపో అంటే ఇష్టం. పటికబెల్లంలా మెరిసే స్ఫటికాలు. లీటరు నీళ్లకు పావుకిలో చొప్పున కలిపితే చెంబు ఒక్కసారిగా చల్లబడిపోతుంది. కరిగేటప్పుడు నీళ్లలోని వేడిని అది లాగేసుకుంటుంది. మే నెల మధ్యాహ్నం ఆ చెంబును పట్టుకోవడం కోసం నేనూ, మా చెల్లీ పోట్లాడుకునేవాళ్లం. డెవలపర్‌ బొమ్మను తేలిస్తే హైపో దాన్ని నిలబెడుతుంది. వెలుతురు తగలని వెండి లవణాన్నంతా కరిగించి తీసేస్తుంది. దాని ఈ గుణాన్ని జాన్‌ హెర్షెల్‌ అనే ఇంగ్లిషు శాస్త్రవేత్త 1819లోనే గమనించాడు. ఇరవై ఏళ్ల తర్వాత, 1839లో, ఫొటోలు అప్పుడప్పుడే పుడుతున్న రోజుల్లో అది అక్కరకొచ్చింది. హైపో లేకపోతే ఫొటో వెలుతురు చూడగానే నల్లబడుతుంది. హైపోలో సరిగ్గా నానకపోయినా, ఆ తర్వాత నీళ్లలో బాగా కడగకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి, వెలిసిపోతుంది. మీ ఇంట్లో తాతగారి ఫొటో గోధుమరంగు మచ్చలతో కనిపిస్తోందా? వయసు ఒక్కదాన్నే అనకండి. ఏ పెళ్లిళ్ల ముహూర్తాల హడావిడిలోనో హైపోలో పది నిమిషాలు ఉండాల్సింది రెండు నిమిషాలకే తీసేసి ఉంటారు.

హార్లిక్స్‌ సీసాలో అమ్మమ్మ

మావయ్య 2021లో పోయాడు. కిందటేడు దసరాకి అత్తయ్య ఫోన్‌ చేసింది. "ఒరే నాన్నా, స్టూడియో గది పడగొట్టి మెట్లు కట్టిస్తున్నారు పిల్లలు. మీ మావయ్య సామాన్లలో ఏది ఉంచాలో ఏది పారేయాలో నాకేం తెలుసు? నువ్వు పత్రికలో పని చేస్తావుగా, వచ్చి చూడు." పత్రికలో పనిచేస్తే అన్నీ తెలుస్తాయని మా అత్తయ్య నమ్మకం.

వెళ్లేసరికి సీసాలూ డబ్బాలూ నడవలో వరసగా పెట్టి ఉన్నాయి. అత్తయ్య మనవడు, నాలుగేళ్ల వాడు, ఓ చిన్న సీసాను ఎత్తి పట్టుకుని "బెల్లం... బెల్లం" అంటున్నాడు. లోపల నారింజరంగు పలుకులు, అచ్చం చాక్లెట్‌ దుకాణంలో పెట్టినట్టున్నాయి. చేతిలోంచి లాక్కుని లేబులు చూశాను. పొటాషియం డైక్రోమేటు. నెగటివ్‌లను బాగుచేసే పనికి వాడే విషం అది. నా గుండె జారిపోయింది. వాడు ఏడుపు లంకించుకున్నాడు. ఆ సీసా మీద లేబులైనా ఉంది. పక్కనే ఓ కూల్‌డ్రింక్‌ సీసాలో సగం దాకా నీళ్లలాంటిదేదో ఉంది, దాని మీద ఏమీ రాసిలేదు. మూత తీస్తే ముక్కు పగిలిపోయే పుల్లటి ఘాటు. అసెటిక్‌ యాసిడ్‌! ప్రతి సీసా మీదా తేదీ వేసి, పేరు రాసే మావయ్యే ఆ ఒక్కదాన్నీ అలా వదిలేశాడు. ఎంత జాగ్రత్త మనిషైనా ఎక్కడో ఒకచోట ఏమరుపాటు తప్పదు. అందుకే ఇలాంటివి తాగే సీసాల్లో పోయనేకూడదు.

అన్నింటికన్నా వెనక, ఓ పాత హార్లిక్స్‌ సీసా. మూత చుట్టూ మైనం. అడుగున గుప్పెడు బియ్యం, ఎర్రగా వేయించినవి. తేమ పీల్చుకోవడానికి. సముద్రం దగ్గరి ఊళ్లలో పాత ఫొటోగ్రాఫర్ల చిట్కా అది. బియ్యం మీద వెండి కాగితంలో చుట్టిన ఓ రీలు. ఊటీలోని ప్రభుత్వ కర్మాగారం హిందుస్థాన్‌ ఫొటో ఫిల్మ్స్‌ వారి 'ఇందు' రీలు. పన్నెండు బొమ్మలొచ్చే రకం. 1960లో పెట్టిన ఆ కర్మాగారం ఇప్పుడు మూతపడింది. తీసేసిన రీలే అనడానికి గుర్తుగా పట్టీ అంటించి ఉంది. పట్టీ మీద మావయ్య దస్తూరి: "అమ్మ. సంక్రాంతి 2004."

అమ్మమ్మ ఆ ఏడు మాఘంలో పోయింది. పెద్దయ్యాక ఆవిడ ఫొటో మా ఎవరి దగ్గరా లేదు. ఊరందరి ఫొటోలూ తీసే ఇంట్లో, ఆవిడది ఒక్కటీ లేదు! రేషన్‌ కార్డు మీద అగ్గిపెట్టె లేబులంత బొమ్మ తప్ప.

"ఇది ఎందుకు కడగలేదత్తయ్యా?"

అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. "అడిగినప్పుడల్లా నీళ్లు బాగాలేవనేవారు. ఎండాకాలమైతే నీళ్లు వేడిగా ఉన్నాయనీ, వానాకాలమైతే బురద వస్తోందనీ, చలికాలం వచ్చేసరికి మందు పాతబడిందనీ. పదిహేడేళ్లు ఆయనకి నీళ్లు బాగుపడలేదురా."

తెనాలి మాస్టారు

ఆ సాయంత్రమే తెనాలి బయల్దేరాను. దారిలో భట్టిప్రోలు స్టేషన్‌ వచ్చింది. 1892లో అక్కడి స్తూపం తవ్వితే దొరికిన రాతి కరండాల మీది అక్షరాలు రెండు వేల ఏళ్లకు పైబడినవి. నేల కింద ఉన్నా చెక్కుచెదరలేదు. నా సంచిలో ఉన్నది మాత్రం ఒక్క నిమిషం వెలుతురు తగిలితే ఇక లేనట్టే.

తెనాలిలో ఎనభై దాటిన ఓ ఫొటోగ్రాఫర్‌ ఉన్నారు. అందరూ మాస్టారంటారు. తెనాలి అంటే నాటకాల ఊరు కదా! వేషం వేసుకుని, కిరీటం పెట్టుకుని నేరుగా స్టూడియోకొచ్చిన నటుల ఫొటోలు తీసిన చేతులవి. నేను రీలు బల్ల మీద పెట్టగానే ఆయన దాన్ని ముట్టుకోలేదు. ముందు మావయ్య గదిలో దొరికిన మందుల చిట్టా చదవమన్నారు. చదివాను. మెటాల్‌, హైడ్రోక్వినోన్‌, సల్ఫైటు, హైపో... అన్నీ ఉన్నాయి. మావయ్య రీలును మావయ్య మందులతోనే కడగాలని నా కోరిక. పైకి చెప్పేశాను.

"మెటాల్‌ రంగెలా ఉంది?"

"బూడిదరంగు. కాస్త గోధుమ కూడా..."

"తెల్లగా ఉండాలి. పోయినట్టే. సల్ఫైటు?"

"తెల్లగా, శుభ్రంగా ఉంది మాస్టారూ."

"అదే ప్రమాదం అబ్బాయ్‌. సల్ఫైటుకి గాలి తగిలితే సల్ఫేటు అవుతుంది. రంగు మారదు, వాసన మారదు. తెల్లగానే ఉంటుంది గానీ అందులో పస ఉండదు. మందు మీద మమకారం పెట్టుకోకూడదు. ఫిల్మ్‌ మీద పెట్టుకోవాలి" అన్నారాయన.

తర్వాత గోడ మీది ఫొటోల వైపు చూస్తూ ఓ మాట చెప్పారు. బాపట్లలో పుట్టి తెలుగు రంగస్థలాన్ని ఏలిన స్థానం నరసింహారావు (1902-1971) స్త్రీ పాత్రలకు పెట్టింది పేరు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. సత్యభామగా ఆయన నడకను కళ్లారా చూసినవాళ్లు ఇప్పుడు ఎందరున్నారు? ఆ తెరలేమయ్యాయో, ఆ నగలేమయ్యాయో! ఆ వేషాల్లో తీసిన నలుపు తెలుపు బొమ్మలు మిగిలాయి. "అవి తీసినవాడు పేరులేనివాడై ఉండొచ్చు. కానీ ఆ రోజు వాడు హైపో సరిగ్గా కలిపాడు. అందుకే మిగిలాయి" అన్నారు మాస్టారు.

ఇరవై ఏళ్లు తేమలో, ఎండలో ఉన్న ఫిల్మ్‌ మీద బొమ్మతో పాటు బూడిద పొర కూడా వస్తుందట. అందుకని తాజా డి-76లో లీటరుకు ఒక గ్రాము పొటాషియం బ్రోమైడు వేయమన్నారు. ఆ పొరను అది కొంత ఆపుతుంది. సంక్రాంతి దాటాక, నీళ్లు చల్లగా ఉన్నప్పుడే పెట్టుకోమన్నారు. డెవలపర్‌కు 20 డిగ్రీలు హాయి. మన మే నెలలో కుళాయి నీళ్లే 32 డిగ్రీలుంటే, ఫిల్మ్‌ మీది జెలటిన్‌ పొర జున్నులా మెత్తబడి ముడతలు పడుతుంది. అప్పటిదాకా రీలును రెండు కవర్లలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టమన్నారు. బయటికి తీశాక ఓ పూట ఆగి, చల్లదనం పోయాకే విప్పాలి, లేకపోతే చెమ్మ పడుతుంది.

అలా మా అమ్మమ్మ మూడు నెలలు దోసెల పిండి గిన్నె పక్కన ఉంది. "ఆవిడకి ఫ్రిజ్‌ అంటేనే పడేది కాదు" అని అత్తయ్య నవ్వింది.

ఎలా కొనాలి? ఎలా దాచాలి?

మందులు గుంటూరులో కొన్నాను. కాలేజీ ల్యాబులకు సరుకు వేసే దుకాణంలో. కొట్టతను మొదట నన్ను అనుమానంగా చూసినా, తర్వాత టీ కూడా ఇప్పించాడు. "ఈ మెటాల్‌ అడిగినవాళ్లు ఈ మధ్య మీరే" అన్నాడు. ఫిల్మ్‌ కెమెరాల మీద మళ్లీ మోజు పుట్టిన కుర్రకారు ఎక్కువమంది తయారు పొట్లాలే తెప్పించుకుంటారు. అది సుఖం, నష్టమూ లేదు. విడిగా కొంటే మాత్రం రెండు సంగతులు చూసుకోవాలి.

ఒకటి, లేబులు మీద 'అన్‌హైడ్రస్‌' అని ఉందా, స్ఫటికమని ఉందా? స్ఫటికాల్లో నీళ్లు కూడా ఇమిడి ఉంటాయి. సోడియం సల్ఫైటు పొడి 100 గ్రాములు వేయాల్సిన చోట స్ఫటికాలైతే 200 వేయాలి. హైపో కూడా అంతే. స్ఫటికాలు 250 గ్రాములన్న చోట పొడి రకం 160 సరిపోతుంది. రెండు, నీళ్లు. మా రేపల్లె బోరునీళ్లకు ఉప్పెక్కువ. అందుకే ఇన్వర్టర్‌ బ్యాటరీల కోసం అమ్మే డిస్టిల్డ్‌ వాటర్‌ క్యాను కొన్నాను. మావయ్య అడిగిన మంచి నీళ్లు పెట్రోలు బంకులో దొరికాయన్నమాట!

కలిపిన డెవలపర్‌కు గాలే శత్రువు. ముదురు గోధుమరంగు గాజు సీసాలో మూతిదాకా నింపి, బిగించిపెడితే డి-76 ఆరు నెలలుంటుంది. అదే సగం సీసా అయితే రెండు నెలలే. పైనున్న ఖాళీలోని గాలి మిగతా సగాన్ని తినేస్తుంది. కాబట్టి లీటరు సీసా ఒకటి కన్నా పావు లీటరు సీసాలు నాలుగు నయం. సీసా మీద పేరు, కలిపిన తేదీ. చల్లగా, చీకటిగా, తాళం ఉన్న చోట. వంటింట్లో మాత్రం వద్దు. కలిపిన గరిటె, చెంబు మళ్లీ వంటకు వాడొద్దు. టీ డికాషన్‌ రంగుకొచ్చిన డెవలపర్‌ పారబోయడానికే. హైపో పాలలా తెల్లబడితే దానికీ కాలం చెల్లినట్టే.

ఇవన్నీ సర్దుతూ మావయ్య చివరిగా కలిపిన డెవలపర్‌ సీసా ఖాళీ చేద్దామని పట్టుకున్నాను. ముదురు గాజు, లోపల ఏముందో కనబడదు. వంచితే టక్‌ టక్‌ మని చప్పుడు. బకెట్లోకి పోశాను. గోధుమరంగు నీళ్లతో పాటు ఒక్కొక్కటే దొర్లుకుంటూ వచ్చాయి... నా గోలీలు!

మందు వాడేకొద్దీ సీసాలో మట్టం తగ్గుతుంది. ఖాళీ పెరుగుతుంది. గాజు గోలీలు వేస్తే మట్టం మళ్లీ మూతిదాకా పైకొస్తుంది, గాలికి చోటుండదు. ప్రపంచమంతటా డార్క్‌రూమ్‌ వాళ్లకు తెలిసిన ఉపాయమే. మేనల్లుడి గోలీలు కొట్టేయడం మాత్రం మా మావయ్య సొంత ఉపాయం. అత్తయ్య నన్ను చూసి నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. లెక్కపెట్టాను. తొమ్మిదే. మిగతా అయిదూ ఏమయ్యాయో! పక్కింటి వాణ్ని పూర్తిగా వదిలేయడానికి వీల్లేదు.

ఒకటి పోతే పదకొండు

సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు, తెల్లవారుజామున అయిదింటికి మొదలుపెట్టాం. మాస్టారు రాలేనని, ఫోన్లో ఉంటానన్నారు. ముందు మందు బతికుందో లేదో పరీక్ష. కొత్త ఫిల్మ్‌ ముక్కను వెలుతురులో ఉంచి తాజా డెవలపర్‌లో ముంచితే చూస్తుండగానే నల్లబడింది. మొండితనం కొద్దీ ఓ గ్లాసుడు దాచిపెట్టుకున్న మావయ్య పాత మందులోనూ ఓ ముక్క ముంచాను. అయిదు నిమిషాలైనా మురికి రంగే గానీ నలుపు రాలేదు. అమ్మమ్మను అందులో వేసుంటే? తలుచుకుంటేనే వెన్నులో చలి పుట్టింది.

కొత్త హైపోకీ పరీక్ష ఉంది. ఫిల్మ్‌ ముక్క మీది పాలరంగు పోయి ఎంతసేపట్లో తేటపడిందో చూసుకుని, దానికి రెట్టింపు సేపు ఫిల్మ్‌ను ఉంచాలి. అలా తేటపడే సమయం, కొత్తలో పట్టినదానికి రెట్టింపయిన రోజున ఆ హైపోను పక్కన పడేయాలి.

అసలు కష్టం తర్వాత వచ్చింది. ఎంతసేపు కడగాలి? పాత ఫిల్మ్‌కు లెక్క ఎవరూ చెప్పలేరు. "చివర ఒక బొమ్మంత ముక్క కత్తిరించి అది కడిగి చూడు. ఒకటి పోతే పదకొండు దక్కుతాయి" అన్నారు మాస్టారు. ఈ రకం రీలు విప్పితే ముందు చేతికొచ్చేది ఆఖరి బొమ్మ. అంటే, మావయ్య వాళ్లమ్మను తీసిన చిట్టచివరి ఫొటో.

ఎర్రబల్బు కూడా ఆర్పేశాం. ఆ వెలుగు ఫొటో కాగితానికే గానీ ఫిల్మ్‌కు పనికిరాదు. కటిక చీకట్లో కత్తెర పట్టుకుని నిలబడ్డాను. అత్తయ్య తలుపవతల కూర్చుంది. "ఏమైందిరా?" అంది. "ఆఖరిది కత్తిరించాలత్తయ్యా." కాసేపు నిశ్శబ్దం. "కత్తిరించు. అన్నీ కావాలనుకునే కదా ఆయన ఒక్కటీ చూసుకోలేదు."

కత్తిరించాను.

ఆ ముక్క పది నిమిషాలకు పలచగా తేలింది. బూడిద పొరలోంచి తులసికోట, దాని పక్కన సగం చీర అంచు. మనిషి లేదు, కత్తెర ఎటో పోయింది. కానీ బొమ్మ ఉంది! ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఉంది! మిగతా రీలును ట్యాంకులో పద్నాలుగు నిమిషాలు ఉంచాం. సీసాల చుట్టూ బేసిన్‌లో ఐసు ముక్కలు, థర్మామీటరు 20 దగ్గర. నీళ్లతో ఓసారి కడిగి హైపో. ఆపైన ట్యాంకు నింపి అయిదుసార్లు తిప్పి పారబోయడం, మళ్లీ నింపి పదిసార్లు, మళ్లీ నింపి ఇరవైసార్లు. తక్కువ నీళ్లతో ఫిల్మ్‌ శుభ్రపడే పద్ధతి ఇది.

మూత తీసి దండెం మీద ఆరేసేసరికి తెల్లగా తెల్లవారింది. పదకొండులో నాలుగు పూర్తిగా మసక. మూడింటిలో మనిషి ఆనవాలు. మిగతా నాలుగింటిలో అమ్మమ్మ! నెగటివ్‌లో జుట్టు నల్లగా, చీర వింతగా కనిపిస్తుంది గదా, ఫోన్లో తిరగేసి చూపించాను. ఒకదాంట్లో చేటలో బియ్యం ఏరుతోంది. ఒకదాంట్లో ముగ్గు గిన్నె పట్టుకుని ఎవరి మీదో కేకలేస్తోంది. ఒకదాంట్లో నోట్లో చుట్ట. అది ఫొటో తీయొద్దని చెయ్యి అడ్డం పెట్టింది, ఆలస్యమైపోయింది. ఇంకోదాంట్లో ఊరికే, కెమెరా వైపు కాకుండా కెమెరా పట్టుకున్నవాడి వైపు చూస్తోంది.

అత్తయ్య చాలాసేపు చూసి అంది: "నీళ్లు బాగానే ఉన్నాయిరా."

మీ ఇంట్లోనూ...

మీ అటక మీద కూడా ఏ తాతగారిదో, పెదనాన్నగారిదో ఇలాంటి పెట్టె ఉండొచ్చు. నెగటివ్‌లు దొరికితే ప్లాస్టిక్‌ కవర్లోంచి తీసి కాగితపు కవర్లలో పెట్టండి. వీలైతే స్కాన్‌ చేయించండి. కడగని రీలుంటే మీరు విప్పకండి, తెలిసినవాళ్లకివ్వండి. మందుల సీసాలుంటే పిల్లలకు అందకుండా చేసి, రుచి, వాసన చూడకుండా, ఒకదాంట్లో ఒకటి పోయకుండా పక్కన పెట్టండి. మేం డైక్రోమేటునూ, యాసిడ్‌నూ కెమిస్ట్రీ ల్యాబులో పనిచేసే ఓ లెక్చరర్‌కు అప్పగించాం. వాడేసిన హైపోలో ఫిల్మ్‌ నుంచి కరిగిన వెండి ఉంటుంది. అది నీటిలో చేపలకు మంచిది కాదు. ఒకప్పుడు స్టూడియోల నుంచీ, ఎక్స్‌రే గదుల నుంచీ ఆ వెండి కోసమే దాన్ని కొనుక్కెళ్లేవాళ్లుండేవారు. మా క్యాను తెనాలి మాస్టారి దగ్గరికి చేరింది.

చీకటి గది ఇప్పుడు లేదు. అక్కడ మెట్లున్నాయి. పడగొట్టే ముందు గోడ మీది 2-100-5-2 ఫోన్లో ఫొటో తీసుకున్నాను. రంగుల్లోనే!

గోలీలను మూడుసార్లు సబ్బుతో కడిగాను. అయినా అత్తయ్య మనవడు అడిగితే ఇవ్వలేదు. నోట్లో పెట్టుకునే వయసు. వాడు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. కాస్త పెద్దయ్యాక తిరనాళ్లలో కొత్తవి కొనిస్తానని మాటిచ్చాను.